వాకుడు, ములక: గట్టుమీది ఓషధుల పూర్వకథ



గంపలగూడెము చుట్టుపట్ల కట్టలేటి యొడ్డునను, బీడుపడిన చేల గట్లమీదను నేలనంటి ప్రాకు ఒక ముండ్లమొక్కను మీరందరు చూచియేయుందురు. ఆకునకు ముల్లు, కాడకు ముల్లు, తొడిమకును ముల్లు. పూవు మాత్రము ఊదారంగుది, నడుమ పసుపు కేసరములతో అచ్చముగ వంగపూవే. కాయ గోలీకాయంత; పచ్చిదానిపై తెల్లని చారలుండును, పండినచో పసుపుబారును. వాకుడనియు, నేలములక యనియు మనము పిలుచునది యిదియే, సంస్కృతమున కంటకారి. దీనికి అక్కగారు ములక, అనగా బృహతి. అది నడుమెత్తున నిలువుగ పెరుగు పొద. రెండును మన వంగకు దాయాదులు.

ఈ ప్రాంతము మొన్నమొన్నటివరకు కృష్ణాజిల్లాలోనిది, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఇచ్చటి బడులలో నేను ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనుగా పనిచేసితిని. నేను గమనించిన దొకటి కలదు. పల్లెలో పిల్లవాడు దగ్గినను, ముసలమ్మకు పన్ను పోటెత్తినను మొదట వైద్యుని యడుగరు. అరుగుమీది పెద్దమనిషి నడుగుదురు. ఆయన వాకుడు వేయుమన్న వేయుదురు, వలదన్న మానుదురు. అందుచే ఈ మొక్క కథను మీతోనే చెప్పవలసియున్నది.

మన పూర్వులు వీనికి పెట్టిన పేర్లు వినదగినవి. బృహతికి సింహి యనియు, కంటకారికి వ్యాఘ్రి యనియు పేర్లు. చేయి పెట్టినవానిని గీరక విడువదు గనుక ఆడుపులి యనిరి కాబోలు. దుఃస్పర్శ యను మరియొక పేరు గూడ కలదు. కాని యీ పేర్లలోనే చిక్కున్నది. సింహి యను పేరు అడ్డసరమునకును చెల్లును, అదియు దగ్గుమందే. వార్తాకి యనిన పెరటిలోని వంగయు కావచ్చును, అడవిలోని బృహతియు కావచ్చును. ఇక అమరకోశము చూడుడు. వనౌషధివర్గమున అమరసింహుడు వ్యాఘ్రి, బృహతి, కంటకారిక మున్నగువానిని ఒక్కచెట్టు పేర్లుగనే కూర్చినాడు. వైద్యులకది పొసగదు. దశమూలములలో బృహతి వేరు, కంటకారి వేరు; రెంటిని విడివిడిగ లెక్కించిననేగాని సంఖ్య పది కాదు. అమరము నాకు గురుముఖమున వచ్చినది, దానియందు నా గౌరవమునకు కొదువ లేదు. అయినను అమరసింహుడు నిఘంటుకర్త, మందు నూరినవాడు కాడు. శ్లోకము వల్లించినవారందరు చెట్టు నెరిగినవారు కారు.

దొరలకును ఈ తిప్పలు తప్పలేదు. స్వీడను దేశపు లినేయసు 1753లో మన వాకుడునకు సొలానం వర్జీనియానం అని పేరు పెట్టెను. వర్జీనియా అమెరికాలోనిది, మొక్కయో మన ఖండముది! 1768లో బర్మను అనునాయన సూరత్తు పట్టణము పేర సురాటెన్సె అనెను. 1795లో జర్మను పండితులు పసుపుకాయను బట్టి గ్జాంథోకార్పం అనిరి. ముందు పెట్టిన పేరే నిలువవలెనను నియమముచే తప్పుడు ఊరిపేరే నేడు శాస్త్రసమ్మతమైనది. మందుసీసాలమీదను, పుస్తకములలోను మూడు పేర్లును కనబడుచునేయున్నవి. మన తెలుగు పేర్లకు కొంత మేలే జరిగినది. 1781 మొదలు 1793 వరకు సామర్లకోటలోనుండిన కుంఫిణీ వైద్యుడు విలియము రాక్సుబరో మన తీరపు మొక్కలను చిత్రకారులచే వ్రాయించి, వానిని తెలుగు పేర్లతో గ్రంథస్థము చేసెను. వాల్టరు ఎలియటు దొర 1859లో ఫ్లోరా ఆంధ్రికా యను పట్టికను చెన్నపట్టణమున అచ్చొత్తించి, మన పల్లెవాడుక పేర్లకెదుట లాటిను పేర్లు చేర్చెను. రైతు నోటిమాటకు అచ్చులో చోటు దొరకుట ఆ కాలమున చిన్న సంగతి కాదు.

ఇక వైద్యము. చరకుడు కాసహరములని, అనగా దగ్గును పోగొట్టునవని, చెప్పిన పది ద్రవ్యములలో కంటకారి యొకటి. కంఠమునకు హితములైన పదింటిలో బృహతి, కంటకారి రెండును కలవు. దశమూలములలో మారేడు మొదలగు పెద్దచెట్లు అయిదు పోగా, మిగిలిన చిన్న అయిదును ములక, నేలములక, ముయ్యాకుపొన్న, కోలపొన్న, పల్లేరు. పేరే చెప్పుచున్నట్లు అచ్చట వేరు ప్రధానము. వాకుడును మాత్రము సమూలముగ తీసికొనుటయు వాడుకలో నున్నది. కషాయమునకు శార్ఙ్గధరుడు చెప్పిన కొలత, మందునకు 16 రెట్లు నీరు పోసి ఎనిమిదవ వంతు మిగులునట్లు సన్నని సెగపై కాచుట. కరక్కాయతో చేయు లేహ్యమునకు వ్యాఘ్రీహరీతకి యని పేరు. శాస్త్రమున ఈ మొక్క ఒంటరిగ వచ్చుట అరుదని గమనింపుడు. పిప్పలితోనో, శొంఠితోనో, కరక్కాయతోనో వచ్చును. దానివెంట కొలత వచ్చును, కాలము వచ్చును, రోగి బలాబలముల విచారణ వచ్చును. పల్లెలో నిలిచినది మొక్క పేరు మాత్రమే.

ఈ సంగతిని మనకు ముందే తలపోసినవారు లేకపోలేదు. 1921లో చెన్నరాజధాని ప్రభుత్వము దేశవైద్యములను విచారించుటకు మహమ్మదు ఉస్మాను అధ్యక్షతను ఒక సంఘమును నియమించెను. తెలుగు వైద్యులును తమ సమాధానములను వ్రాసి పంపిరి. 1923లో నివేదిక వెలువడినది. 1925లో చెన్నపట్టణమున దేశవైద్య పాఠశాల ఏర్పడి, కెప్టెను శ్రీనివాసమూర్తిగారు దానికి మొదటి అధ్యక్షులైరి. నాటినుండి వైద్యవిద్య ఇల్లు విడిచి పాఠశాల చేరినది. ఇంట మిగిలినది చిట్కా.

వాకుడులో ఏమున్నదని రసాయనశాస్త్రజ్ఞులు వెదకగా సొలసొడీను అను ఆల్కలాయిడు బయటపడినది. 1960 తరువాత దశాబ్దములలో దీనికి గిరాకి హెచ్చినది. స్టెరాయిడు మందులకును, గర్భనిరోధక మాత్రలకును ఇది ముడిసరుకు కాగలదు. ఇందుకై సొలానం ఖాసియానం అను మరియొక ముండ్లమొక్కను మన దేశమున సేద్యముచేసి చూచిరి. ఉబ్బసపు రోగులకు వాకుడుచూర్ణము 300 మిల్లీగ్రాములిచ్చి పరీక్షించిన ఫలితములు 1999లో ప్రకటితమైనవి. ఊపిరి కొంత సుళువైనది, కాని సాల్బ్యుటమాలు ఇచ్చినంత గుణము కనబడలేదు. ఇది మన పూర్వుల మాట వట్టిది కాదనుటకు చాలును. ఆయాసముతో ఎగరోజుచున్న మనిషిని ఇంటనే యుంచుకొనుటకు చాలదు.

గుణమిచ్చు ఆ పదార్థమే మితిమీరిన విషము. వంగకుటుంబమున ఈజాతి విషము పచ్చికాయలలోను, మొలకలలోను హెచ్చు, ఉడికించినంతమాత్రమున పోదు. లండను నగరమున ఒక బడిలో చెడిన బంగాళాదుంపలు తిని 78 మంది బాలురు జబ్బుపడిరి. 17 మందిని ఆసుపత్రిలో చేర్చవలసివచ్చెను. అవి ఇంటింట వండుకొను దుంపలే. మన పూర్వులకును ఈ జాగ్రత్త తెలియును. పిల్లలు పండ్లు కోసికొని తిను కామంచి యున్నదికదా, దానిని వండి రాత్రి నిలువయుంచుటను వాగ్భటుడు విరుద్ధాహారములలో లెక్కించెను. తమిళులు సుండకాయ యనునది, మన ఉస్తికాయ, మజ్జిగలో నానవేసి యెండబెట్టి తిందురు. దానిని చూచి వాకుడుకాయయు అట్టిదేయని కూరకు దింపుట తెలివి కాదు. తిన్నవారికి వాంతులు, విరేచనములు, కడుపునొప్పి, మగత కలుగును. గర్భిణులకును, పసిబిడ్డలకును ఈ మొక్కను వైద్యుని ఎదుట తప్ప ఏ రూపమునను ఈయరాదు.

పుప్పిపంటి పొగ సంగతి వేరుగ చెప్పవలెను. ఇనుపముక్కను ఎఱ్ఱగా కాల్చి, దానిపై ఎండిన వాకుడుగింజలు వేసి నూనెచుక్క విడిచి, చిల్లుపెట్టిన కొబ్బరిచిప్పను బోర్లించి, గొట్టముతో ఆ పొగను పంటికి పట్టింతురు. క్రింద నీళ్ళమూకుడు. కొంతసేపటికి నీటిలో తెల్లని పురుగులు తేలును. పంటిలోని పురుగులు రాలినవని అందరును సంతసింతురు. ఒకపరి మా ఊరి ముసలమ్మ యొకతె అట్టి మూకుడును బడికి తెచ్చి పిల్లలకు చూపినది. మేము భూతద్దము పెట్టి చూచితిమి. తల లేదు, కాలు లేదు, కదలిక లేదు. పిమ్మట ఎవరి పంటికిని పట్టింపక, వట్టి మూకుడుపైననే గింజలను కాల్చి చూచితిమి. అవే పురుగులు వచ్చినవి! ఈజాతి గింజలో అంకురము చుట్టగా చుట్టుకొని యుండును. వేడికి పొట్టు పగిలి అది బయటకు చిమ్మును. పిల్లలు విరగబడి నవ్విరి. ముసలమ్మ మాత్రము నవ్వలేదు, చాలసేపు మూకుడును చూచి, “నలువదియేండ్లనుండి పట్టించుచున్నాను, నాయనా” అనినది.

ఆమె ఒంటరి కాదు. ఐరోపా ఖండమున రోమనుల కాలమునుండి ఇదే పొగను పట్టిరి. వారి గింజ ఖురాసాని వాము, అదియు ఈ కుటుంబముదే. పంటిపురుగును తాను చూడలేదని ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియేరు ఫోషారు 1728లో వ్రాసెను. జర్మనీలో షేఫరు అను పండితుడు 1757లో ఒక పుస్తకమే వ్రాసి, ఆ పురుగులు గింజలనుండి వచ్చినవేయని నిరూపించెను. 1890లో మిల్లరు పుప్పికి అసలు కారణమును వెల్లడించెను: నోటిలో నిలిచిన తీపిని, పిండిపదార్థమును సూక్ష్మజీవులు పులియబెట్టగా పుట్టిన ఆమ్లము పంటిని కొరుకును. పొగ వేడికి పోటు కొంతసేపు మొద్దుబారిన బారవచ్చును. క్రింద చీము పెరుగుట ఆగదు. దవడ వాచి జ్వరము వచ్చినచో ప్రాణముమీదికి వచ్చును.

ఈ పొగలో మరియొక ప్రమాదమున్నది. వాకుడుగింజలు దొరకనప్పుడు ఉమ్మెత్తగింజలు వాడువారు కలరు. ప్రభుత్వము విషద్రవ్యములుగ గుర్తించిన ఆయుర్వేద మూలికల పట్టికలో ఉమ్మెత్త యున్నది, ఖురాసాని వామున్నది; వాకుడు లేదు. గుర్తు సులభము. ఉమ్మెత్తకు ముండ్లు కాయమీద నుండును, ఆకు నునుపు. వాకుడునకు ముండ్లు ఆకుమీదను, కాడమీదను ఉండును, కాయ నునుపు. గింజలు ఒలిచి పొట్లముకట్టిన పిమ్మట ఈ గుర్తు పనికిరాదు. అందుచే సంతలో పొట్లముగ వచ్చిన గింజలను నమ్మవలదు.

దగ్గుసంగతి యొక్కటి మిగిలినది. జలుబుతో వచ్చిన దగ్గునకు వైద్యుడిచ్చిన దశమూలకషాయము త్రాగినచో నాకభ్యంతరము లేదు, నేనును త్రాగుదును. రెండువారములు దాటిన దగ్గు వేరు. అది క్షయ కావచ్చును. సర్కారు వైద్యశాలలో కళ్ళెపరీక్షయు, మందులును ఉచితము. కషాయముతో ఒక నెల గడిపినచో ఆ నెలలో ఇంటిలోని పసివారికిని అది అంటుకొనును. అరుగుమీద మిమ్ములను అడిగినపుడు, ఎన్నాళ్ళనుండి దగ్గుచున్నాడని మీరు ముందుగ అడుగుడు.

పిల్లవాడెవడైన కాయ తిని పడిపోయినచో చింతపండునీళ్ళు, ఉప్పునీళ్ళు పోసి కక్కింపవలదు. ఆసుపత్రికి పోవునపుడు ఆ కాయను, ఆకుతోనున్న కొమ్మను సంచిలో వేసికొని వెంట తీసికొనిపొండు. నోరెండి, కంటిపాపలు పెద్దవై, పిచ్చిమాటలాడుట ఉమ్మెత్త లక్షణము. దానికి వైద్యులయొద్ద విరుగుడు కలదు. వాకుడుజాతి విషమునకట్టి ప్రత్యేకపు విరుగుడు లేదు. రోగికి పోయిన నీటిని, లవణములను మరల నింపుచు కనిపెట్టియుండుటయే దానికి చికిత్స.