సిరిమావో బండారనాయకే

సిరిమావో బండారనాయకే (ఏప్రిల్ 17, 1916 - అక్టోబర్ 10, 2000) శ్రీలంకకు చెందిన రాజకీయ నాయకురాలు, ప్రపంచంలో మొట్టమొదటి మహిళా ప్రధానమంత్రి. 1960 జూలై 21న ఆమె అప్పటి సిలోన్ ప్రధానమంత్రిగా ప్రమాణస్వీకారం చేసింది. భారతదేశంలో ఇందిరా గాంధీ (1966), ఇజ్రాయెల్‌లో గోల్డా మెయిర్ (1969) ఆమె తరువాతనే ఈ పదవిని అధిష్ఠించారు. సిరిమావో మూడు పర్యాయాలు, మొత్తం సుమారు పదిహేడున్నర సంవత్సరాల పాటు ప్రధానమంత్రిగా పనిచేసింది. మొదటి రెండు పర్యాయాలలో దేశపాలన ఆమె చేతిలో ఉండగా, మూడవ పర్యాయం నాటికి రాజ్యాంగం మారి ప్రధానమంత్రి పదవి చాలావరకు నామమాత్రమైంది. విదేశీ సంస్థల జాతీయీకరణ, భూసంస్కరణలు, అలీన విధానం ఆమె పాలనలో ముఖ్యమైనవి. అదే కాలంలో తమిళ ప్రజలకు, ప్రభుత్వానికి మధ్య దూరం పెరగడం తరువాతి కాలంలో ఆ దేశ చరిత్రను తీవ్రంగా ప్రభావితం చేసింది.

బాల్యం, విద్యాభ్యాసం

సిరిమావో 1916 ఏప్రిల్ 17న రత్నపుర ప్రాంతంలో, రత్వత్తే అనే సంపన్న కాండీ సింహళ కుటుంబంలో జన్మించింది. ఆమె అసలు పేరు సిరిమ. పేరు చివర చేరిన "వో" గౌరవవాచకం. తండ్రి బార్న్స్ రత్వత్తే. తల్లి రోసలిండ్‌కు ఆయుర్వేద వైద్యంలో ప్రవేశం ఉండేది. ఆరుగురు సంతానంలో సిరిమావో పెద్దది. కుటుంబం బౌద్ధ మతావలంబులైనా, ఆమె చదువు కొలంబోలోని సెయింట్ బ్రిజెట్స్ అనే క్రైస్తవ కాన్వెంటు పాఠశాలలో సాగింది. అయినప్పటికీ ఆమె జీవితాంతం బౌద్ధ ధర్మాన్నే ఆచరించింది.

వివాహం, సమాజసేవ

1940లో ఆమెకు సాల్మన్ బండారనాయకేతో వివాహం జరిగింది. ఆయన ఆక్స్‌ఫర్డులో చదువుకున్నాడు. అప్పటికే ఆయన స్టేట్ కౌన్సిల్‌లో మంత్రి. ఈ దంపతులకు సునేత్ర, చంద్రిక, అనుర అనే ముగ్గురు సంతానం.

వివాహానంతరం సిరిమావో లంక మహిళా సమితిలో చేరింది. ఇది గ్రామీణ స్త్రీల ఆరోగ్యం, వ్యవసాయం, చేతిపనులు మొదలైన విషయాలలో పనిచేసిన స్వచ్ఛంద సంస్థ. ఆ పనిమీద ఆమె అనేక గ్రామాలు తిరిగింది. ఎన్నికల రాజకీయాలకు దూరంగా గడిపిన ఆ ఇరవై ఏళ్ళలో ఏర్పడిన గ్రామీణ పరిచయాలు తరువాత ఆమెకు ఎంతగానో ఉపకరించాయి.

భర్త హత్య, రాజకీయ ప్రవేశం

సాల్మన్ బండారనాయకే 1951లో యునైటెడ్ నేషనల్ పార్టీ నుండి వైదొలగి శ్రీలంక ఫ్రీడమ్ పార్టీని స్థాపించాడు. 1956 ఎన్నికలలో గెలిచి ప్రధానమంత్రి అయ్యాడు. ఆ ఏడాదే సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసే చట్టం తెచ్చాడు. తమిళ నాయకుడు చెల్వనాయకంతో 1957లో ఒక ఒప్పందం కుదుర్చుకున్నా, బౌద్ధ భిక్షువుల వ్యతిరేకత వలన 1958లో దానిని రద్దు చేశాడు. 1959 సెప్టెంబర్ 25న తల్దువే సోమారామ అనే భిక్షువు ఆయన ఇంటి వద్దనే ఆయనపై కాల్పులు జరిపాడు. మరునాడు బండారనాయకే మరణించాడు.

1960 మార్చిలో జరిగిన ఎన్నికలలో ఏ పార్టీకీ ఆధిక్యత రాలేదు. డడ్లీ సేనానాయకే ఏర్పాటు చేసిన మైనారిటీ ప్రభుత్వం కొద్ది వారాలలోనే సభలో ఓడిపోయింది. తిరిగి జూలైలో ఎన్నికలు జరిగాయి. ఈలోగా పార్టీ నాయకత్వం స్వీకరించిన సిరిమావో దేశమంతా పర్యటిస్తూ, భర్త ఉపన్యాసాల రికార్డులను సభలలో వినిపించింది. ప్రత్యర్థులు ఆమెను "ఏడ్చే వితంతువు" అని ఎగతాళి చేశారు. పార్టీ 75 స్థానాలు గెలుచుకుని అధికారంలోకి వచ్చింది.

ఈ ఎన్నికలలో సిరిమావో స్వయంగా పోటీ చేయలేదు. ఎగువసభ అయిన సెనేట్ సభ్యత్వం ద్వారా ఆమె ప్రధానమంత్రిగా కొనసాగింది. రక్షణ, విదేశాంగ శాఖలను కూడా తనవద్దనే ఉంచుకుంది.

మొదటి పర్యాయం (1960-1965)

జాతీయీకరణ: ప్రభుత్వ సహాయంతో నడిచే మతసంస్థల పాఠశాలలను 1960-61లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఫీజు వసూలు చేయకూడదన్న షరతుపై కొన్ని పాఠశాలలు ప్రైవేటుగా కొనసాగాయి. గ్రామీణ బౌద్ధ విద్యార్థులకు సమాన అవకాశాలు లభిస్తాయని ప్రభుత్వం వాదించగా, కాథలిక్కులు తీవ్రంగా ప్రతిఘటించారు. 1961లో పీపుల్స్ బ్యాంకు ఏర్పడింది. బీమా రంగం ప్రభుత్వపరమైంది. ప్రభుత్వ పెట్రోలియం సంస్థను స్థాపించి, విదేశీ చమురు కంపెనీల ఆస్తులను స్వాధీనం చేసుకోగా, నష్టపరిహారం విషయమై వివాదం తలెత్తి 1963లో అమెరికా తన ఆర్థిక సహాయాన్ని నిలిపివేసింది. 1962 బడ్జెటులో రేషను బియ్యం తగ్గించాలన్న ప్రతిపాదనకు స్వపక్షంలోనే వ్యతిరేకత రావడంతో దానిని విరమించుకున్నారు. ఆర్థికమంత్రి ఫెలిక్స్ డయాస్ బండారనాయకే ఆ పదవికి రాజీనామా చేశాడు.

భాషా విధానం: 1961 జనవరి 1 నుండి పరిపాలన అంతా సింహళంలోనే సాగాలన్న నిర్ణయం అమలులోకి వచ్చింది. సింహళం రాని తమిళ ఉద్యోగుల భవిష్యత్తు ప్రశ్నార్థకమైంది. ఉత్తర, తూర్పు ప్రాంతాలలో ఫెడరల్ పార్టీ సత్యాగ్రహం ప్రారంభించి ప్రభుత్వ కార్యాలయాలను దిగ్బంధించింది. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి, సైన్యాన్ని పంపి, నాయకులను నిర్బంధించింది.

కుట్ర ప్రయత్నం: 1962 జనవరిలో కొందరు సైనిక, పోలీసు అధికారులు ప్రభుత్వాన్ని కూలదోయడానికి పన్నిన కుట్ర అమలుకు ముందే బయటపడింది. నిందితులలో ఎక్కువమంది క్రైస్తవులు. వీరిని శిక్షించడానికి పార్లమెంటు పూర్వకాలం నుండి వర్తించేలా ఒక ప్రత్యేక చట్టం చేసింది. పదకొండు మందికి శిక్షలు పడ్డాయి. అయితే ఆ చట్టం న్యాయవ్యవస్థ అధికారంలో జోక్యం చేసుకుంటున్నదని పేర్కొంటూ లండనులోని ప్రీవీ కౌన్సిల్ 1965లో ఆ శిక్షలను కొట్టివేసింది. అధికార విభజన సూత్రానికి సంబంధించి న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ ఈ తీర్పును చదువుతారు.

విదేశాంగ విధానం: 1961లో బెల్‌గ్రేడులో జరిగిన మొదటి అలీన దేశాల సదస్సులో సిరిమావో పాల్గొంది. 1962లో భారత, చైనాల మధ్య యుద్ధం జరిగిన తరువాత, డిసెంబరులో ఆమె ఆరు అలీన దేశాల సమావేశాన్ని కొలంబోలో ఏర్పాటు చేసింది. బర్మా, కంబోడియా, ఇండోనేషియా, ఘనా, ఐక్య అరబ్ రిపబ్లిక్ మిగిలిన ఐదు దేశాలు. అక్కడ రూపొందిన ప్రతిపాదనలతో ఆమె స్వయంగా బీజింగ్, ఢిల్లీ వెళ్ళింది. భారతదేశం వాటిని పూర్తిగా ఆమోదించగా, చైనా సూత్రప్రాయంగా మాత్రమే అంగీకరించింది. సరిహద్దు వివాదం పరిష్కారం కాలేదు.

సిరిమావో - శాస్త్రి ఒప్పందం

బ్రిటిష్ పాలనాకాలంలో తేయాకు, కాఫీ, రబ్బరు తోటలలో పనిచేయడానికి దక్షిణ భారతదేశం నుండి వెళ్ళిన కార్మికుల వారసులలో అత్యధికులకు 1948 నాటి సిలోన్ పౌరసత్వ చట్టం వలన పౌరసత్వం లభించలేదు. వీరిలో ఎక్కువమంది తమిళులు. ఈ సమస్యపై సిరిమావో, భారత ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి 1964 అక్టోబర్ 30న ఒప్పందం కుదుర్చుకున్నారు. సుమారు 9,75,000 మందిలో 5,25,000 మందిని భారతదేశం, 3,00,000 మందిని సిలోన్ పదిహేనేళ్ళలో స్వీకరించాలని నిర్ణయించారు. మిగిలిన 1,50,000 మందిని చెరి సగం స్వీకరించాలని 1974లో సిరిమావో, ఇందిరా గాంధీ అంగీకరించారు.

రెండు ప్రభుత్వాల మధ్య పదహారేళ్ళుగా నలిగిన సమస్యకు ఇది ఒక మార్గం చూపింది. అయితే లక్షలాది మంది భవితవ్యాన్ని వారి అభిప్రాయం తెలుసుకోకుండానే అంకెలుగా పంచుకున్నారన్న విమర్శ వచ్చింది. సిలోన్‌లోనే పుట్టి పెరిగిన అనేక కుటుంబాలు తాము ఎన్నడూ చూడని దేశానికి తరలివెళ్ళవలసి వచ్చింది. ఒప్పందం అమలు ఆలస్యమై, ఎంతోమంది దశాబ్దాల పాటు ఏ దేశపు పౌరులూ కాకుండా మిగిలిపోయారు. 2003లో శ్రీలంక పార్లమెంటు చేసిన చట్టం మిగిలినవారికి ఆ దేశ పౌరసత్వం కల్పించింది.

ఒక్క ఓటుతో ఓటమి

సభలో బలం తగ్గడంతో 1964లో సిరిమావో వామపక్షమైన లంక సమసమాజ పార్టీతో కలిసి సంకీర్ణ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఆ పార్టీ నాయకుడు ఎన్.ఎం.పెరీరా ఆర్థికమంత్రి అయ్యాడు. ప్రధాన పత్రికా సంస్థ లేక్ హౌస్‌ను ప్రభుత్వ నియంత్రణలోకి తెచ్చే బిల్లు తీవ్ర వివాదానికి దారితీసింది. సీనియర్ మంత్రి సి.పి.డి సిల్వా నాయకత్వంలో కొందరు సభ్యులు ప్రతిపక్షంలో చేరారు. 1964 డిసెంబర్ 3న సింహాసన ప్రసంగంపై జరిగిన ఓటింగులో ప్రభుత్వం 73-74 తేడాతో ఓడిపోయింది. పార్లమెంటరీ విధానంలో ప్రధానమంత్రి అధికారం దిగువసభ విశ్వాసంపైనే నిలిచి ఉంటుందనడానికి ఇది చక్కని ఉదాహరణ. 1965 ఎన్నికలలో పార్టీ ఓడిపోయినా, అత్తనగల్ల నుండి గెలిచిన సిరిమావో ప్రతిపక్ష నాయకురాలైంది.

రెండవ పర్యాయం (1970-1977)

1970 మే ఎన్నికలలో సిరిమావో నాయకత్వంలోని యునైటెడ్ ఫ్రంట్ 151 స్థానాలలో 116 గెలుచుకుంది. 1971 ఏప్రిల్‌లో రోహణ విజేవీర స్థాపించిన జనతా విముక్తి పెరమున అనే సంస్థ సాయుధ తిరుగుబాటు జరిపింది. ఇందులో ఎక్కువమంది గ్రామీణ సింహళ యువకులు. ఉచిత విద్య వలన చదువుకున్నా, వారికి తగిన ఉద్యోగాలు లేవు. భారతదేశంతో సహా పలు దేశాల సహాయంతో ప్రభుత్వం తిరుగుబాటును అణచివేసింది. వేలాది మంది మరణించారు. ఏ గ్రామీణ వర్గం ఆమెను అధికారంలోకి తెచ్చిందో, ఆ వర్గపు యువతరమే ఆమె ప్రభుత్వంపై ఆయుధం పట్టడం ఈ ఘట్టంలోని విషాదం.

1971లో సెనేట్ రద్దయింది. 1972 మే 22న కొత్త రాజ్యాంగం అమలులోకి వచ్చి, సిలోన్ "శ్రీలంక" అనే పేరుతో గణతంత్ర రాజ్యమైంది. కొత్త రాజ్యాంగం బౌద్ధ మతానికి అగ్రస్థానం ఇచ్చింది. సింహళం అధికార భాషగా కొనసాగింది. పాత రాజ్యాంగంలో అల్పసంఖ్యాకుల రక్షణకు ఉద్దేశించిన 29వ సెక్షన్ కొత్త రాజ్యాంగంలో లేదు. ఇదే సమయంలో విశ్వవిద్యాలయ ప్రవేశాలలో తెచ్చిన మార్కుల సవరణ విధానం వలన, వైద్యం, ఇంజనీరింగు వంటి కోర్సులకు తమిళ మాధ్యమ విద్యార్థులు ఎక్కువ మార్కులు తెచ్చుకోవలసి వచ్చింది. ఇది జాఫ్నా యువతలో తీవ్ర అసంతృప్తిని కలిగించింది. 1976 మేలో తమిళ పార్టీలు వడ్డుకోడ్డైలో ప్రత్యేక దేశాన్ని కోరుతూ తీర్మానం చేశాయి.

1972 భూసంస్కరణ చట్టం వ్యక్తుల భూమికి 50 ఎకరాల పరిమితి విధించింది. వరి పొలాలకు పరిమితి 25 ఎకరాలు. 1975లో విదేశీ కంపెనీల తోటలు కూడా ప్రభుత్వపరమయ్యాయి. 1973 చమురు సంక్షోభం, ఆహార ధాన్యాల కొరత, దిగుమతులపై ఆంక్షలు ప్రజాజీవితాన్ని దుర్భరం చేశాయి. భారతదేశంతో 1974, 1976లలో సముద్ర సరిహద్దు ఒప్పందాలు జరిగాయి. 1974 ఒప్పందంతో కచ్చతీవు ద్వీపం శ్రీలంక వైపు చేరింది. తమిళనాడు మత్స్యకారుల సమస్యతో ముడిపడి ఈ అంశం తరువాత అనేకసార్లు చర్చకు వచ్చింది. 1976 ఆగస్టులో కొలంబోలో జరిగిన ఐదవ అలీన దేశాల శిఖరాగ్ర సదస్సుకు సిరిమావో అధ్యక్షత వహించింది. అంతర్జాతీయంగా ఆమె ప్రతిష్ఠ ఉన్నత స్థాయికి చేరిన సమయమిది. మరుసటి ఏడాదే, 1977 ఎన్నికలలో, ఆమె పార్టీ 168 స్థానాలలో కేవలం 8 గెలిచింది.

పౌరహక్కుల రద్దు

1978లో జె.ఆర్.జయవర్ధనే ప్రభుత్వం తెచ్చిన రాజ్యాంగం కార్యనిర్వాహక అధికారాలను అధ్యక్షుడికి అప్పగించింది. పార్లమెంటు గడువును పొడిగించడం మొదలైన చర్యల ద్వారా సిరిమావో అధికార దుర్వినియోగానికి పాల్పడిందని ఒక ప్రత్యేక కమిషన్ నిర్ధారించింది. 1980 అక్టోబర్ 16న పార్లమెంటు ఆమె పౌరహక్కులను ఏడేళ్ళపాటు రద్దు చేసి, సభ్యత్వం నుండి తొలగించింది. దీనితో 1982 అధ్యక్ష ఎన్నికలలో ఆమె పోటీ చేయలేకపోయింది. 1986లో హక్కులు తిరిగి లభించాయి. 1988 అధ్యక్ష ఎన్నికలలో సుమారు 45 శాతం ఓట్లు పొంది, రణసింఘే ప్రేమదాస చేతిలో ఓడిపోయింది.

మూడవ పర్యాయం, మరణం

1994 నవంబరులో చంద్రిక దేశాధ్యక్షురాలిగా ఎన్నికై, తన తల్లిని ప్రధానమంత్రిగా నియమించింది. అయితే నిర్ణయాధికారం అధ్యక్షురాలిదే. అనారోగ్యం వలన సిరిమావో 2000 ఆగస్టులో రాజీనామా చేసింది. 2000 అక్టోబర్ 10న పార్లమెంటు ఎన్నికలలో ఓటు వేసి తిరిగి వస్తూ, కడవత వద్ద గుండెపోటుతో మరణించింది. హొరగొల్లలో భర్త సమాధి చెంతనే ఆమె అంత్యక్రియలు జరిగాయి.

అంచనా

సిరిమావో పాలనపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. పాఠశాలలను, బ్యాంకులను, భూమిని సామాన్య గ్రామీణులకు చేరువ చేసిందని అభిమానులు భావిస్తారు. ఆర్థిక నియంత్రణలు కొరతకు దారితీశాయని, భాష, విద్య విషయాలలో తీసుకున్న నిర్ణయాలు 1983 నుండి 2009 వరకు సాగిన అంతర్యుద్ధానికి బీజాలలో కొన్ని అని విమర్శకులు అంటారు. అధికసంఖ్యాకులైన సింహళ గ్రామీణుల కోసం చేపట్టిన చర్యలే అల్పసంఖ్యాకులకు దేశపాలనలో తమ స్థానం ఏమిటన్న సందేహాన్ని కలిగించాయి. భర్త మరణం ఆమెను రాజకీయాలలోకి తెచ్చినా, నలభై ఏళ్ళపాటు ఆ రంగంలో నిలిచింది స్వశక్తితోనే. ఒక మహిళ ప్రజాస్వామ్య పద్ధతిలో ప్రభుత్వానికి నాయకత్వం వహించగలదని ప్రపంచానికి మొదట చూపించిన వ్యక్తిగా చరిత్రలో ఆమె స్థానం సుస్థిరం.

ప్రధానమంత్రిగా పదవీకాలాలు

మొదటి పర్యాయం: 1960 జూలై - 1965 మార్చి
రెండవ పర్యాయం: 1970 మే - 1977 జూలై
మూడవ పర్యాయం: 1994 నవంబర్ - 2000 ఆగస్టు