ఒక్క మెతుకు లెక్క

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. బాక్టీరియా దగ్గర శాస్త్రజ్ఞులు చాలాకాలం దీన్ని తిరగేశారు: కుండను చూసి మెతుకు సంగతి చెప్పారు.

గాజుగొట్టంలోని పోషక ద్రవం ఎంత మసకబారిందో కొలిస్తే కణాలు ఎంత పెరిగాయో తెలిసిపోతుంది. మంచి తిండి, 37 డిగ్రీల వెచ్చదనం దొరికితే ఇ. కోలై సుమారు 20 నిమిషాలకోసారి రెండవుతుందన్నది అలా తేలిన లెక్కే. అయితే అది కోట్ల కణాల సగటు.

మెతుకును పట్టుకోవాలని చూసినవాళ్లూ లేకపోలేదు. సిలోన్ కాఫీ తోటల తెగులును శోధించిన మార్షల్ వార్డ్, థేమ్స్ నదిలో దొరికిన ఒక బాసిల్లస్ బాక్టీరియా పోగు ఎలా సాగుతోందో సూక్ష్మదర్శిని కింద కొలిచి 1895లో ప్రచురించాడు. 1932లో కెల్లీ, రాన్ ఒక్కో కణం విభజనకు పట్టే సమయాన్ని నమోదు చేశారు. ఒకే తల్లి సంతానంలోనూ ఒకటి తొందరపడేది, ఇంకొకటి నింపాదిగా ఉండేది. ఆ తొందర గానీ నిదానం గానీ పిల్లలకు వారసత్వంగా రాలేదు.

చిక్కల్లా సంతానంతోనే. కాసేపటికే పిల్లలు గుంపుకట్టి, మొదటి కణం ఏదో తెలియకుండా చేసేవి. 2010లో సక్‌జూన్ జున్ బృందం ప్రకటించిన 'మదర్ మెషీన్' ఈ చిక్కు విప్పింది. సిలికోన్ రబ్బరులో కణమంత వెడల్పున్న సందులు. ఒక చివర మూత. తల్లి కణం ఆ మూల కదలకుండా ఉంటుంది. పుట్టిన పిల్లలు బయటికి జరుగుతూ పోతే, పారే పోషక ద్రవం వాటిని ఈడ్చుకుపోతుంది. ఒక్క తల్లినే వందల కాన్పుల దాకా చూశారు. పెరుగుదల వేగం తగ్గలేదు.

ఇలాంటి కొలతల నుంచే 2014, 2015లలో ఒక సూత్రం బయటపడింది. కణం పుట్టినప్పుడు పొట్టిదైనా పొడుగుదైనా, విభజనకు ముందు దాదాపు ఒకే కొలత పెరుగుతుంది. ఆ కొలత 2 మైక్రాన్లు అనుకుందాం. 3 మైక్రాన్లతో పుట్టింది 5కి చేరి చీలితే పిల్లలు ఒక్కొక్కటి రెండున్నర. వాటి పిల్లలు రెండుంపావు. 1తో పుట్టినదాని పిల్లలు ఒకటిన్నర, ఆపైన ఒకటిముప్పావు. అలా అన్నీ 2 దగ్గరికే వస్తాయి. కొలిచేవాడూ సరిదిద్దేవాడూ ఎవరూ లేకుండా సాగే ఈ సర్దుబాటు కుండను ఎంతసేపు చూసినా కనబడేది కాదు.