ఓవరుకీ ఓవరుకీ మధ్య బేరం

అమెరికాలో టీవీకి అనుమతి దొరికాక వచ్చిన మొట్టమొదటి ప్రకటనే ఆటను అంటిపెట్టుకుని వచ్చింది. 1941 జూలై 1న న్యూయార్క్‌లో బేస్‌బాల్ పోటీకి ముందు అమెరికా పటం మీద బులోవా గడియారం కాసేపు కనిపించింది. ఖర్చు 9 డాలర్లు. ఊళ్లో టీవీలున్నవే కొద్దివేల ఇళ్లు. ఆ 9 డాలర్లు గిట్టాయా అని ఎవరూ లెక్కలేసి ఉండరు.

మన దూరదర్శన్ 1976 జనవరి 1 నుంచి ప్రకటనలు తీసుకుంటోంది. అయినా ఆటలో కాసులున్నాయన్న సంగతి దానికి చాన్నాళ్లు తట్టలేదు. మ్యాచ్ చూపించాలంటే క్రికెట్ బోర్డే ఎదురు డబ్బు కట్టాల్సిన రోజులవి. 1993 హీరో కప్ ప్రసారం తగవు సుప్రీంకోర్టుకెక్కింది. గాలి తరంగాలు ప్రజల సొత్తు, సర్కారు గుత్త కాదని 1995 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. ఆ తర్వాత బేరం బోర్డు చేతికొచ్చింది.

ఆటలో కాసులున్నాయని వ్యాపారులకు మాత్రం ముందే తెలుసు. 1987 ప్రపంచ కప్పుకు రిలయన్స్ తన పేరే పెట్టుకుంది. హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో జింబాబ్వే హౌటన్ 142 కొట్టి కూడా 3 పరుగుల తేడాతో న్యూజిలాండ్‌కు ఓడిన మ్యాచ్ చూసినవాళ్లు దాన్ని ఇప్పటికీ రిలయన్స్ కప్పనే అంటారు. పెట్టిన డబ్బు ఇంతకంటే బాగా నిలబడదు. 1996లో కథ అడ్డం తిరిగింది. అధికారిక పానీయం హోదాను కోకాకోలా కొనుక్కుంటే, ఆ హోదానే వెక్కిరిస్తూ పెప్సీ జనం నోళ్లలో నానింది.

ఐపీఎల్ పుట్టిన 2008లో 10 సెకన్ల ప్రకటన రెండు లక్షల చుట్టూ ఉండేది. ఈ మధ్య పదిహేను లక్షలకు అటూ ఇటూ పలుకుతోంది. పలకకేం చేస్తుంది? 2023 నుంచి 2027 దాకా భారత్‌లో ఒక్క టీవీ హక్కులకే 23,575 కోట్లు పోశారు. అది ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా.

ఈ లెక్కను డోన్‌కు తెచ్చి చూద్దాం. చుట్టూ సున్నపురాయి నేల. బేతంచెర్ల దారిన నంద్యాల వైపు వెళ్తే రైలు స్టేషన్ పేరులో కూడా సిమెంట్ నగర్ అనే ఉంటుంది. సిమెంటు బస్తా 50 కిలోలు. ఖర్చులన్నీ పోగా బస్తాకు 30 రూపాయలు మిగిలాయనుకుందాం. పదిహేను లక్షలు వెనక్కి రావాలంటే 50 వేల బస్తాలు, అంటే 2,500 టన్నులు, అదనంగా అమ్మాలి. డోన్ జంక్షన్‌లో సిగ్నల్ కోసం నిలబడే గూడ్సు బండి ఇంచుమించు అంత మోస్తుంది. పది సెకన్లకు ఒక బండెడు! అదీ ప్రకటన లేకపోతే అమ్ముడుపోని సరుకై ఉండాలి. ఎటూ అమ్ముడుపోయేదాన్ని టీవీ ఖాతాలో రాసుకోవడం ప్రకటనల శాఖవాళ్లకు అలవాటే.

బస్తా ఎంచేదెవరంటే మేస్త్రీ. "ఏ సిమెంటు తెప్పియ్యాల మేస్త్రీ?" అని ఇంటాయన అడుగుతాడు. "మొన్న ఆ స్లాబుకు ఏసిందే తెప్పియ్యన్నా" అంటాడు మేస్త్రీ. దానికి తోడు అంగట్లో అప్పు పుట్టాలి. కంపెనీలు మేస్త్రీలను పిలిచి మీటింగులు పెట్టి, భోజనాలు పెట్టి, చేతిలో బహుమతి పెట్టేది ఇందుకే.

అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో వచ్చే ప్రకటనలను తరచి చూసిన హార్ట్‌మన్, క్లాపర్ అనే పరిశోధకులు 2018లో ఒక మాట తేల్చారు. ఆ ఆటలో తన రకం సరుకుకు తానొక్కడే ప్రకటన వేసుకున్న బీరు కంపెనీకి లాభం దండిగా వచ్చింది. ఒకే రకం సరుకువాళ్లు ఇద్దరు ఎదురెదురుగా దిగితే లాభం చాలామటుకు చెల్లిపోయింది. మన సిమెంటువాళ్లది ఈ రెండో బాపతే. నంద్యాల దగ్గర బిలకలగూడూరులో సిమెంటు తీసే జేఎస్‌డబ్ల్యూ వాళ్లు 2018లో ఐపీఎల్ ఢిల్లీ జట్టులో సగం వాటాను మన జీఎంఆర్ దగ్గర కొన్నారు. కడప జిల్లా చిలంకూరులో, యర్రగుంట్లలో ఫ్యాక్టరీలున్న ఇండియా సిమెంట్స్ అప్పటికే చెన్నై జట్టు యజమానిగా తెరకెక్కింది.

ఆ చెన్నై కథ నాకు మరీ ఇష్టం. 2008లో 9 కోట్ల 10 లక్షల డాలర్లకు కొన్న జట్టును తర్వాత విడి కంపెనీగా చేశారు. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ చేతికి పోయింది, జట్టు పోలేదు. సిమెంటు పేరు మోయాల్సిన జట్టే చివరికి పాత యజమానులకు మిగిలింది! ప్రకటన గిట్టిందా అంటే దానికిదొక్కటే జవాబు కాదు. ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టును 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొని 2009లో కప్పు కూడా గెలిచిన డెక్కన్ క్రానికల్‌కు 2012లో జట్టే పోయింది. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుతో ఒప్పందం చేసుకున్న మన సత్యం కంప్యూటర్స్ సంగతి చెప్పక్కర్లేదు. 2009 జనవరిలో దొంగలెక్కల గుట్టు రట్టయినా 2010లో దక్షిణాఫ్రికా మైదానాల పక్కన బోర్డుల మీద ఆ పేరు, ముందు మహీంద్రాను తగిలించుకుని, వెలుగుతూనే ఉంది.

నా మటుకు నాకు, అందరికీ తెలిసిన బ్రాండు ఏటేటా ఈ ఖర్చు పెట్టడం పోటీదారుడు పెట్టాడని పెట్టడమే. కొత్తగా అడుగుపెట్టేవాడి సంగతి వేరు. డోన్ అంగడాయన ముక్కూ మొహం తెలియని కంపెనీ బస్తాలు దించుకోవడానికి జంకుతాడు. "టీవీలో మ్యాచప్పుడు వస్తాదే, అదే" అని అతను గిరాకీకి చెప్పుకోగలిగితే, ఆ కంపెనీకి ఒక్క సీజన్ ఖర్చు దండగ కాదు. రెండో సీజన్‌కు ఆ డబ్బు అంగట్లో అప్పు గడువు పెంచడానికి పెడితే మేలు.