గాజుల లక్ష్మీనరసు శెట్టి: వర్తకుని ధనము, ప్రజల మొర

ధనవంతుడు ప్రభుత్వముపై తన ప్రభావమును నెరపుటకు రెండు త్రోవలు గలవు. అధికారుల మెప్పు సంపాదించుట యొకటి. ప్రజల మొరకు నోరిచ్చుట రెండవది. చెన్నపట్టణపు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806–1868) రెండవ త్రోవను ఎన్నుకొనెను.

తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు వర్తకుడు. కుమారుడు ఆ వ్యాపారమును పెంచి మిక్కిలి ధనము గడించెను. ఆ ధనముతోనే 1844లో ‘క్రెసెంట్’ అను ఆంగ్లపత్రికను నెలకొల్పెను. క్రైస్తవ మిషనరీలకు కంపెనీ అధికారులు ఇచ్చుచున్న ప్రోత్సాహమును ఆ పత్రిక ఎదిరించెను. 1852లో ఆయన స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషన్, పన్నుల భారమును, న్యాయస్థానముల లోపములను, విద్యాలేమిని వివరించుచు బ్రిటిషు పార్లమెంటునకు అర్జీ పంపెను.

1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమూర్ మద్రాసునకు వచ్చి, శెట్టితో కలిసి జిల్లాలు తిరిగి రైతుల గోడు వినెను. శిస్తు వసూలుకై రైతులను చిత్రహింస పెట్టుచున్నారన్న ఆరోపణపై 1854లో విచారణసంఘము ఏర్పడెను. చిత్రహింస నిజమేయని 1855లో అది నివేదించెను. పల్లెరైతు బాధ లండను సభకు వినబడుటలో ఈ వర్తకుని ధనమునకు భాగము గలదు.

1863లో ఆయన మద్రాసు శాసనసభకు నియమితుడయ్యెను. కాని ఆస్తిలో చాల భాగము ప్రజాకార్యములకే వ్యయమైపోగా, 1868లో లేమిలో మరణించెను. అసోసియేషన్ బలమును ఆయనతోనే ఉడిగిపోయెను. 1884లో మద్రాసు మహాజన సభ వెలయువరకు ఆ లోటు తీరలేదు.

ఒక్కని ఔదార్యముపై నిలిచిన సంఘము ఆ యొక్కడు ఉన్నంతకాలమే బ్రదుకును. పరప్రాంతములందు సంఘములు నడుపుకొను తెలుగువారు ఆయన త్యాగమునకు నమస్కరించుటతో పాటు, ఈ సత్యమును గూడ గుర్తుంచుకొనవలసియున్నది.