తెలుగు డిజిటల్ పుస్తకం

కంప్యూటర్, ట్యాబ్, ఫోన్ తెరల మీద చదువుకునే తెలుగు పుస్తకమే డిజిటల్ పుస్తకం. తెలుగులో ఇది అచ్చు పుస్తకానికి పోటీగా పుట్టలేదు. గ్రంథాలయాల్లో పెళుసెక్కి, పురుగు పట్టి పోతున్న పాత ప్రతులను కాపాడుకునే ప్రయత్నంగానే ఎక్కువగా పెరిగింది.

1971లో మైకేల్ హార్ట్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ కంప్యూటర్‌లో టైపు చేశాడు. ఉచిత డిజిటల్ పుస్తకాల భాండాగారం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌కు అదే నాంది. ఇక తెలుగు విషయానికొస్తే, అన్ని లిపులకూ ఉమ్మడి సంకేత ప్రమాణమైన యూనికోడ్‌లో మన లిపికి 1991 నాటి తొలి కూర్పులోనే చోటు దక్కింది. అయినా ప్రచురణకర్తలు చాలా ఏళ్లు తమ తమ ఫాంట్లనే వాడారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు కనబడేవి. దానితో పాత పుస్తకాన్ని మళ్లీ టైపు చేయడం కన్నా పేజీలను స్కాన్ చేయడమే తేలికైంది.

ఆ పనిని పెద్ద ఎత్తున తలపెట్టినవారిలో ముఖ్యుడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఈ కార్నెగీ మెలన్ ఆచార్యుడు పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలని తలపెట్టిన మిలియన్ బుక్ ప్రాజెక్టుకు సారథ్యం వహించాడు. అందులో భారతదేశపు భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఇందులో పాలుపంచుకున్నాయి. వేల తెలుగు పుస్తకాలు ఇలా తెరకెక్కాయి. అయితే పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు నమోదు చేయడం వల్ల ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరికేది కాదు. కొన్నిట్లో పేజీలు తప్పిపోయాయి, కొన్ని వంకరగా పడ్డాయి. వాటిని సరిచేయాలంటే మళ్లీ కాగితం ప్రతే కావాలి. స్కాన్ అయింది కదా అని అసలు ప్రతిని పారేయడం ఘోరమైన పొరపాటు. ఈ పుస్తకాల్లో చాలావాటి ప్రతులు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి.

స్కాన్ చేసిన పేజీ బొమ్మ మాత్రమే; అందులో మాట వెతకడం కుదరదు. బొమ్మను పాఠంగా మార్చే ఓసీఆర్ పాత అచ్చు దగ్గర తడబడుతుంది. మసకబారిన చోట ‘ప’ను ‘వ’ అనుకుంటుంది, అరసున్నను వదిలేస్తుంది, వత్తులను తారుమారు చేస్తుంది. అందుకే స్వచ్ఛంద సేవకులు పాత పుస్తకాలను పాఠంగా మార్చే వెబ్‌సైటు తెలుగు వికీసోర్స్‌లో ప్రతి పేజీనీ మనిషే దిద్దుతాడు. దిద్దని పేజీకి ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చ గుర్తు. జీతం లేని ఈ పని విలువ పాత గ్రంథంలో ఒక్క ప్రయోగం కోసం వెతికినవారికి బాగా తెలుస్తుంది.

2010లో వచ్చిన కినిగె అనే వెబ్‌సైటు కొత్త పుస్తకాలను ఈబుక్‌లుగా అమ్మింది. పాతవాటికి కాపీరైటు గడువు అడ్డం: రచయిత మరణించాక అరవై ఏళ్లు. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలను ఎవరైనా తెరకెక్కించవచ్చు. 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరిదాకా హక్కుదారుల అనుమతి కావాలి. అందరికీ అందే పాతవాటికీ, అమ్మకానికున్న కొత్తవాటికీ నడుమ ఎన్నో ఇరవయ్యో శతాబ్దపు పుస్తకాలు చిక్కుకున్నాయి. మళ్లీ అచ్చు కావు, హక్కుదారుల జాడ తెలియదు. కథల వరకైతే, కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం పాత పత్రికలను, సంపుటాలను సేకరించి చాలావాటిని స్కాన్ చేసింది. నవల, నాటకం, వ్యాసాలకు ఆ స్థాయి సేకరణ ఇంకా జరగాల్సి ఉంది.