చక్రాల మీద స్నానాల గది: క్యాంపర్ వ్యాన్‌లో షవర్ ఎలా వచ్చింది?

పరిచయం

సినిమా షూటింగుల దగ్గర నటీనటుల కోసం నిలిపి ఉంచే కారవాన్‌లను మీరు చూసే ఉంటారు. వంట, నిద్ర, స్నానం అన్నీ లోపలే జరిగే ఇటువంటి వాహనాలలో కుటుంబాలు విహారయాత్రలు చేయడం ఐరోపా, అమెరికాలలో మామూలు విషయం. వాటిని క్యాంపర్ వ్యాన్‌లు, మోటార్ హోమ్‌లు అంటారు. వ్యాన్ లోపల షవర్ అమర్చడం పైకి ప్లంబరు చూసుకొనే పనిగా కనిపిస్తుంది. చరిత్ర విద్యార్థిగా మీరు వేయవలసిన ప్రశ్న వేరు. షవర్ రాకముందు ప్రయాణికుడి స్నానపు నీటిని ఎవరు మోశారు? వచ్చిన తరవాత ఆ పని ఎవరి మీద పడింది? పాఠం చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి.

1. నీరు ఉన్నచోటికి ప్రయాణికుడు

పూర్వకాలపు ప్రయాణికుడు నీరు ఉన్నచోట మజిలీ చేసేవాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుండి కాశీకి పెద్ద పరివారంతో బయలుదేరాడు. ఆయన యాత్రాచరిత్రలో మజిలీల వసతుల గురించిన వివరాలు కనిపిస్తాయి. నది, చెరువు, బావి ఎక్కడుంటే స్నానం అక్కడే.

బ్రిటన్‌లో 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే రచయిత విహారం కోసమే ఒక బండిని చేయించుకున్నాడు. ఆయన అంతకుముందు నౌకాదళంలో వైద్యుడు. సుమారు 2 టన్నుల బరువున్న ఆ బండి పేరు ‘వాండరర్’. రెండు గుర్రాలు దానిని లాగేవి. ఒక బండివాడు, ఒక సేవకుడు ఆయన వెంట ఉండేవారు. 1910లో అమెరికాలో పియర్స్ ఆరో సంస్థ ‘టూరింగ్ లాండో’ అనే మోటారు వాహనాన్ని ప్రదర్శించింది. అందులో డ్రైవరు సీటు వెనుక మడత పెట్టగల సింకు ఉండేది. యజమాని డ్రైవరుతో మాట్లాడటానికి ఫోను కూడా ఉండేది. గుర్రం స్థానంలో ఇంజను వచ్చిందే గాని, యాత్ర ఇంకా సేవకుల మీదనే ఆధారపడి ఉందని మీరు గమనించాలి.

2. ప్రయాణికుడి వెంట నీరు

1936లో అమెరికాలో వచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ తన నీటిని తనే మోసుకుపోయేది. అయితే అది కారు వెనుక తగిలించుకొనే బండి. జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ 1951 నుండి ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లలో అమర్చడానికి ‘క్యాంపింగ్ బాక్స్’ తయారుచేసింది. పరుపు, అరలు అమరాయి గాని స్నానాల గదికి చోటు దొరకలేదు. ఆనాటి ఫోక్స్‌వ్యాగన్ ఇంజను శక్తి 25 హార్స్‌పవర్ మాత్రమే. కనుక అటువంటి వ్యాన్‌లో తిరిగే మధ్యతరగతి కుటుంబం రాత్రి బస చేసే క్యాంపింగ్ స్థలంలోని ఉమ్మడి స్నానాల గదులకు వెళ్లేది. సేవకుడు వెంట లేడు. ఆ గదులు కడిగే మనిషి మాత్రం ఉన్నాడు.

1960లలో అమెరికాలో పరిస్థితి మారింది. రేమండ్ ఫ్రాంక్ డాడ్జ్ ఛాసిస్ మీద మోటార్ హోమ్‌లు తయారుచేశాడు. 1966లో విన్నెబాగో సంస్థ వాటిని తక్కువ ధరకు అమ్మకానికి తెచ్చింది. పెద్ద ఛాసిస్, బలమైన ఇంజను ఉన్నందువల్లనే స్నానాల గదికి చోటు కుదిరింది.

3. చిన్న వ్యాన్‌లో షవర్: బరువు లెక్క

లీటరు నీరు కిలో బరువు. నిమిషానికి 10 లీటర్లు వచ్చే షవర్ కింద 8 నిమిషాలు నిలబడితే 80 కిలోల నీరు ఖర్చవుతుంది. అంటే ఒక మనిషి స్నానానికి మరొక మనిషంత బరువును వాహనం మోయాలి. ఐరోపాలో మామూలు కారు లైసెన్సుతో నడిపే వాహనాలకు చాలాకాలంగా 3,500 కిలోల పరిమితి ఉంది. అందుకే వ్యాన్‌లో ఓడ మీది నావికుల పద్ధతి పాటిస్తారు: ఒళ్లు తడుపుకొని నీరు ఆపాలి, సబ్బు రుద్దుకోవాలి, మళ్లీ నీరు వదిలి కడుక్కోవాలి. ఇలా చేస్తే మన ఇంటి బకెట్ నీటికంటే తక్కువే సరిపోతుంది.

అమరికలో మరికొన్ని మెలకువలు ఉన్నాయి. బండి తూలకుండా నీటి ట్యాంకును వీలైనంత కిందుగా, ఇరుసుకు దగ్గరగా పెడతారు. 12 వోల్టుల పంపు నీటిని పైకి తోడుతుంది. బండి ఎటు వాలి నిలిచినా నీరు పోవడానికి షవర్ అడుగు పళ్లేనికి రెండు రంధ్రాలు పెట్టడం మంచిది. స్థలం కలిసిరావడానికి మరుగుదొడ్డినీ షవర్‌నూ ఒకే గదిలో అమర్చుతారు. ఆవిరి బయటికి పోవడానికి పైన గాలిమార్గం లేకపోతే చెక్క కుళ్లుతుంది, ఇనుము తుప్పు పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ప్రాణరక్షణ. మూసిన వ్యాన్‌లో గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు; నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాబట్టి నీరు కాచే హీటరు గాలిని బయటినుండే తీసుకొని, పొగను బయటికే వదిలేదిగా ఉండాలి. ఆ వాయువును పసిగట్టి హెచ్చరించే పరికరం కూడా లోపల ఉండాలి.

4. వాడిన నీరు ఎక్కడికి?

స్నానం ముగిసినా నీటి కథ ముగియదు. సబ్బు కలిసిన నీటిని రోడ్డు పక్కన వదిలితే అది కాలువకో చెరువుకో చేరుతుంది. అందుకే వాడిన నీటికి వాహనం అడుగున వేరే ట్యాంకు ఉంటుంది. దానిని నియమిత స్థలంలోనే ఖాళీ చేయాలి. మంచినీటి ట్యాంకు ఎంత ఖాళీ అయితే ఈ ట్యాంకు దాదాపు అంత నిండుతుంది. బండి మోసే బరువు పెద్దగా తగ్గదు.

సారాంశం

సౌకర్యం పెరిగినంత మాత్రాన శ్రమ మాయం కాదు; చేతులు మారుతుంది. సేవకుడి నుండి క్యాంపింగ్ స్థలంలోని పనివారికి, వారి నుండి ఇంజనుకు, పంపుకు ఆ బరువు మారింది. చివరి మిగులును, అంటే మురికి నీటిని, ఎవరో ఒకరు చేతులారా పారబోయక తప్పదు. ఈసారి ఆ పని ప్రయాణికుడిదే. తన నీటిని తనే నింపుకొని తనే పారబోసుకునే మనిషికి ఒక్క స్నానం ఖరీదు ఎంతో తెలిసివస్తుంది.

స్వయం మదింపు ప్రశ్నలు

1. 1951 నాటి వ్యాన్‌లలో స్నానాల గది లేకపోవడానికి కారణాలు తెలపండి.
2. మీ ఇంటికి కొళాయి రాకముందు నీళ్లు ఎవరు, ఎంత దూరం నుండి మోశారు? ఇంట్లో పెద్దవారిని అడిగి, మోసినవారి పేరుతో సహా ఒక పేజీ రాయండి. ఆ పేరు మీ అమ్మదో అమ్మమ్మదో కావచ్చు. చరిత్రలో చేరవలసిన పేరే అది.