తూటా ఎవర్ని చూసి ఎంచుతారు?

మొన్న నవంబర్లో మా ఆఫీసులో ఒక అమెరికన్ మిత్రుడు లంచ్ టైమంతా ఒకటే గోల. జింకల వేటకి తన లీవర్ యాక్షన్ రైఫిల్లో 150 గ్రెయిన్ల తూటా వాడాలా, 170దా అని. మనం ల్యాప్‌టాప్ కొనేముందు ర్యామ్ గురించి కొట్టుకున్నట్టే అనుకోండి. ఆ రాత్రి కోరుట్లకి ఫోన్ చేసినప్పుడు బాపుకి ఈ ముచ్చట చెప్తే నవ్వాడు. "తూట ఏరుకునుడేంది బిడ్డా, మా కాలంల దొరికిందే తూట" అన్నాడు. అక్కణ్ణుంచి మొదలైంది నా తవ్వకం.

'మోసగాళ్లకు మోసగాడు' (1971) చూసిన తెలుగువాళ్లకి కౌబాయ్‌లని పరిచయం చెయ్యక్కర్లేదు. వాళ్ల చేతిలో ఉండే రైఫిలే ఇది. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న లీవర్ని కిందికీ పైకీ ఆడిస్తే ఖాళీ డొప్ప బయటపడి కొత్త తూటా ఎక్కుతుంది. చిక్కల్లా తూటాలుండే చోటుతోనే. గొట్టం కింద ఇంకో గొట్టంలో అవి ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని అడుగున, సరిగ్గా మందు అంటుకునే చోట, ఆనుకుంటుంది. ముక్కు మొనదేలి ఉంటే పేలుడు అదురుకి లోపలే పేలొచ్చు! అందుకే వించెస్టర్ 1894 మోడల్ కోసం 1895లో వచ్చిన .30-30 తూటాలకి మొద్దు ముక్కు పెట్టారు. 2000ల మధ్యలో హోర్నడీ కంపెనీ మెత్తటి ప్లాస్టిక్ మొనతో ఈ గొడవకి పరిష్కారం తెచ్చింది.

ఇక 150, 170 సంగతి. మొదటిది కాస్త వేగం, రెండోది కాస్త లోతు. వంద గజాల్లోపు జింకకి ఏదైనా సరిపోతుంది. అసలు కావాల్సింది తగలగానే విచ్చుకునే మెత్తని ముక్కు. లేకపోతే తూటా దూసుకుపోయి, జింక గాయంతో మైళ్లకొద్దీ పరిగెత్తి ఎక్కడో చస్తుంది. ఇలా విచ్చుకునే తూటాల్లో బాగా పేరు మోసినది మన దేశంలోనే, 1890లలో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో తయారైంది. యుద్ధాల్లో మనుషుల మీద వాడకూడదని 1899లో హేగ్‌లో ఒప్పందం రాసుకున్నారు. వేటలో మాత్రం అదే దయ అంటారు.

లీవర్ యాక్షన్ మన నేలమీదకి రాలేదా అంటే, వచ్చింది. బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ తిరుపతి దగ్గరి చామల లోయ పులి గురించి రాశాడు కదా, ఆయనకి ఇష్టమైన రైఫిల్ .405 వించెస్టర్, 1895 మోడల్. అందులో తూటాలు పెట్టెలో ఉంటాయి కాబట్టి ముక్కు గొడవ లేదు.

కానీ ఆండర్సన్‌కి ఉన్న ఎంపిక అందరికీ లేదు. 1878 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాల్సింది భారతీయులకి, తెల్లవాళ్లకి మినహాయింపు. 1907లో .450 తూటాల్ని ఇండియాలో నిషేధించారు. ఏనుగుకి సరిపోవనా? కాదు, తిరుగుబాటుదార్ల పాత సైనిక తుపాకులకి పనికొస్తాయని. అందుకే ఇంగ్లండు కంపెనీలు .465, .470 అని కొత్త సైజులు పుట్టించాయి. సైన్యం వాడే .303 మామూలు జనానికి కుదరదు కాబట్టి .315 వచ్చింది. మన దగ్గర తూటా సైజు తేల్చింది జంతువు కాదు, సర్కారు భయం.

మా దిక్కు నిజాం రాజ్యం. మీరు బస్సులో దాటే వనస్థలిపురం హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట మైదానం. మంచి తుపాకీ దొర గడీలో ఉండేది. ఊళ్లో ఉంటే గింటే భర్మార్ ఉండేది. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందు, పీచు, సీసపు రవ్వలు మూతిలోంచి వేసి కడ్డీతో దట్టించాలి. ఒక్కటే దెబ్బ. తప్పితే మళ్లీ దట్టించేలోగా దుప్పి గోదావరి దాటేస్తుంది!

1946-51 సాయుధ పోరాటంలో ఈ భర్మార్లే దొరల మీదికి, రజాకార్ల మీదికి తిరిగాయి. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. ఆ అక్టోబర్లోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్ని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. హెచ్చరించి, ప్రాణం పోయేలా కాల్చే అధికారాన్ని పోలీసుకిచ్చే 1948 నాటి చట్టం కింద. అలాంటి రోజుల్లో భుజాన భర్మార్‌తో కనబడ్డవాణ్ణి వేటగాడని ఎవరనుకుంటారు?

జింక పక్షాన గట్టిగా నిలబడ్డ చట్టం 1972లో వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. ఇప్పుడు గోదావరి అవతల కవ్వాల్ అడవిలో దుప్పుల్ని చూడొచ్చు, వేటాడకూడదు. ఉచ్చులూ కరెంటు తీగలూ ఇంకా పోలేదు, అది వేరే బాధ.

నేను వేటాడను, ఆ సరదా లేదు. కానీ ఆ మిత్రుడు జింకకి నొప్పి తెలియకూడదని గ్రెయిన్లు లెక్కబెడుతుంటే కొంచెం కుళ్లు పుట్టిన మాట నిజం. అంత నింపాదిగా తూటా గురించి మాట్లాడుకునే రోజు మా ఊళ్లకి ఎన్నడూ రాలేదు. వాడికి తుపాకీ అంటే సెలవురోజు. బాపుకి మాత్రం ఇప్పటికీ ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడే విషయం.